మూడో అంకానికి సాక్ష్యం

మా పిన్నితో లైబ్రరీకి వెళ్లడం కన్నా పన్ను పీకించుకోవడం నయం. అక్కడ కనీసం మత్తింజక్షన్ ఇస్తారు.

పిన్ని మా అమ్మకి స్వయానా చెల్లెలు. ముప్పై నాలుగేళ్లు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. మనిషి సన్నం, మాట కరుకు. "కాగితం ఉందా?" అన్నది ఆమె ఊతపదం. నాకు జ్వరంగా ఉంది పిన్నీ అంటే నుదుటి మీద చెయ్యి వేసి చూడదు, థర్మామీటరు తెమ్మంటుంది.

అలాంటి మనిషి తన ఇరవై నాలుగో ఏట ఒకే ఒక్కసారి నాటకంలో వేషం వేసింది. అదీ ఇరవై నిమిషాలు. కోర్టు అయ్యాక సాయంత్రాలు ఒక నాటక సమాజానికి స్క్రిప్టులు టైపు చేసి పెట్టేదట. కార్బన్ కాగితాలు పెట్టి ఒక్క దెబ్బకి నాలుగు కాపీలు, మళ్లీ ఇంకో నాలుగు. ఒక ప్రదర్శనలో రెండో అంకం అయ్యేసరికి కథానాయికకి జ్వరం ముంచుకొచ్చి గొంతు పూర్తిగా పడిపోయింది. తెర వెనక గగ్గోలు. "ఈమె డైలాగులు ఎవరికొచ్చు?" అని దర్శకుడు అరిచాడట. అందరి డైలాగులూ వచ్చిన మనిషి అక్కడ ఒక్కతే. జుట్టుకి పౌడరు రాసి, కథానాయిక శాలువా తీసి కప్పి, ఆమె వేయాల్సిన తల్లి వేషంలో పిన్నిని మూడో అంకంలోకి తోసేశారు. కొడుకు రాసిన ఉత్తరం ఆ తల్లి పైకి చదువుతుండగా హాల్లో కరెంటు పోయింది. ఎవరో పక్కనుంచి టార్చి వేశారు. పిన్ని ఆగలేదు, చివరిదాకా చెప్పేసింది.

ఇది మేం పుట్టినప్పటినుంచీ వింటున్న కథ. పిన్ని మొదలుపెట్టగానే మా నాన్న "ఇదిగో, మూడో అంకం" అంటూ చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. మేం పిల్లలం మూతులు మూసుకుని నవ్వుకునేవాళ్లం. పిన్ని అదంతా చూసీ చూడనట్టు చెప్పుకుపోయేది.

ఇప్పుడా సమాజానికి యాభై ఏళ్లు నిండాయని ఒక చరిత్ర పుస్తకం వేస్తున్నారు. రెండు వందల పన్నెండు పేజీలు. ఆ పుస్తకం మొత్తం టైపు చేస్తున్నది ఎవరనుకున్నారు? మా పిన్నే. ఊరికే. ఎవరెవరు ఏ నాటకంలో ఏ వేషం వేశారో, తలుపు తీసి మూసిన నౌకరు పాత్రధారితో సహా అందరి పేర్లూ కొట్టింది. తన పేరు మాత్రం లేదు. సమాజం కార్యదర్శి నలభై ఐదేళ్ల వాడు, ఆ నాటకం నాటికి ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడు. "అమ్మా, మీ మాట కాదనను. కానీ అప్పటివాళ్లెవరూ మిగల్లేదు. పేపర్లో సమీక్ష వచ్చుంటుందిగా, అది చూపించండి, పేరు వేద్దాం. ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఐదింటికి అచ్చుకి ఇచ్చేస్తాం" అన్నాడు.

"టైపు చేసేది నువ్వే కదా పిన్నీ, ఒక్క లైను కొట్టుకో. ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"కాగితంలో లేనిది నా వేళ్ల కిందనుంచి రాదు" అంది.

అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. ఏడాదికి నాకున్నవి పదకొండు సెలవులు. అందులో ఎనిమిది ఆ నెల్లోనే హరీమన్నాయి.

మొదట లైబ్రరీకి వెళ్లాం. నలభై మూడేళ్ల కిందటి పేపర్లు ఏడాదికి నాలుగు బైండ్లుగా బీరువాల్లో ఉన్నాయి. మాక్కావలసిన ఏడాదికి మూడే ఉన్నాయి. మాక్కావలసిన నెల ఆ నాలుగోదాన్లో ఉంది.

"బైండింగుకి వెళ్లిందండీ" అన్నాడు లైబ్రేరియను.

"ఎప్పుడు?"

"నేను చేరకముందు."

"మీరెప్పుడు చేరారు?"

"పందొమ్మిదేళ్లయిందండీ" అన్నాడు, ఏదో రేపోమాపో వచ్చేస్తుందన్నట్టు. పిన్ని ఆయన చేత "లభ్యం కాలేదు" అని రాయించి, స్టాంపు వేయించి మరీ తీసుకుంది. అదెందుకంటే ఫైలుకట.

తర్వాత ఆ పేపరు వాళ్ల ఆఫీసుకే వెళ్లాం. పాత సంచికల గది తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉంటుంది, అతను భోజనానికి వెళ్లాడు. రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చున్నాం. అతను వచ్చి, తాళం తీసి, దుమ్ము దులిపి, సరిగ్గా ఆ తేదీ పేపరే తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది. నాలుగో పేజీ తిప్పాం. "కళారంగం" అన్న శీర్షిక ఉంది. దాని కింద నలుచదరంగా కన్నం ఉంది. పేజీ వెనక్కి తిప్పితే సంగతి తెలిసింది. అటువైపు బహుమతి గళ్లనుడికట్టు. ఎవరో మహానుభావుడు పూర్తి చేసి, బ్లేడుతో నీటుగా కోసి, పోటీకి పంపుకున్నాడు. అదీ ఆఫీసు కాపీలోంచి! పిన్ని కాగితం ఎత్తి పట్టుకుని ఆ కన్నంలోంచి నా మొహం చూసింది.

"ఆదివారం కాబోలు. ఆదివారాలే గళ్లు వేసేవాళ్లు" అంది తాపీగా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడోది ప్రభుత్వం వారి పాత రికార్డుల భవనం. అక్కడ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఫారం మూడు ప్రతులు నింపాలి. లోపలికి పెన్ను తేకూడదు, పెన్సిలే వాడాలి, పెన్సిలు వాళ్లు ఇవ్వరు. రోజుకి ఒక్క బైండే ఇస్తారు. మొదటిరోజు పక్క ఏడాదిది ఇచ్చారు. మార్చమంటే "ఈరోజు కోటా అయిపోయింది, రేపు రండి" అన్నారు. నేను గొంతు పెంచబోతే పిన్ని నా చెయ్యి గిల్లింది. "వాళ్ల రూలు వాళ్లది. అరిస్తే మన ఫారం అడుగుకి పోతుంది" అంది. కోర్టులో పని చేసిన మనిషి, ఆ లోకం మర్యాదలు ఆమెకే తెలుసు.

మర్నాడు దొరికింది. చెక్కు చెదరని నాలుగో పేజీ, కన్నం లేకుండా, గళ్లనుడికట్టుతో సహా. సగం సమీక్ష ముఖ్య అతిథి గారి ఉపన్యాసానికే సరిపోయింది. చిట్టచివర అసలు ముక్క. మూడవ అంకంలో తల్లి పాత్రధారిణి ఉత్తరం చదివే ఘట్టంలో ప్రేక్షకులను కంట తడి పెట్టించారట. పాత్రధారిణి పేరు కూడా వేశాడు. జ్వరంతో తెర వెనక బెంచీ మీద పడుకున్న కథానాయిక పేరు.

పిన్ని రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. "కరెంటు పోయిన సంగతి రాయలేదే" అంది చివరికి.

బైండు తెచ్చిచ్చిన గుమస్తా మా వెనకే నిలబడి ఉన్నాడు. "మా నాన్న ఆ పేపర్లోనే అచ్చుకి అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేసేవాడండీ. నాటకం వార్త తొమ్మిదింటికల్లా ఇచ్చేయాలి. అందుకని సమీక్ష రాసేవాళ్లు రెండో అంకం దాకా చూసి లేచొచ్చేసేవారు. మిగతాది కరపత్రం చూసి రాసేసేవారు. అందరూ అంతేలెండి" అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. చూడని అంకంలో, వెయ్యని మనిషి, ఏడవని జనాన్ని ఏడిపించిందని రాసి పారేశాడు! దాన్ని నలభై మూడేళ్లు బీరువాలో పెట్టి తాళం వేసి, పెన్ను సిరా అంటుతుందేమోనని కాపలా కాస్తున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది. మేం పట్టిన ఎలుక మమ్మల్నే కరిచింది.

"ఆ సమీక్ష జిరాక్సు చింపి పారెయ్ పిన్నీ. మనకేం దొరకలేదని చెబుదాం" అన్నాను బస్టాపులో.

"రికార్డు రికార్డే" అంది.

ఆ సాయంత్రమే సమీక్ష మొత్తం పుస్తకంలోకి ఎక్కించింది. అక్షరం మార్చకుండా, ఆ కథానాయిక పేరుతో సహా. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. నేను రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు, అంటే ముప్పయ్యో తారీఖు పొద్దున, తనే నేరుగా మా ఇంటికి వచ్చింది. "తప్పు పడితే సవరణ వేస్తారు. తర్వాత వారం సంచికలు చూడలేదు మనం" అంది. పత్రికలవాళ్ల మీద ఆమెకింకా నమ్మకం పోలేదు. తిట్టుకుంటూనే మళ్లీ ఆ రికార్డుల భవనానికి బయల్దేరాను.

సవరణ లేదు. ఎందుకుంటుంది? కానీ ఐదో రోజు పేపర్లో, పాఠకుల లేఖల్లో, విద్యుత్ శాఖని దుమ్మెత్తి పోస్తూ ఒక పెద్దమనిషి ఉత్తరం కనబడింది. నేనే చూశాను. పిన్నికి చదివి వినిపించాను:

"గత శనివారం సాయంకాలం నాటకం రసపట్టులో ఉండగా విద్యుత్తు పోయినది. ఉక్కతో ప్రాణాలు పోయినవి. నాయిక అస్వస్థతకు గురికాగా అప్పటికప్పుడు వేషం కట్టిన ఒక అమ్మాయి (ఆ సమాజపు టైపిస్టు అని పక్క సీటులోని వారు చెప్పినారు) చీకటిలో సైతం మాట తడబడక ఉత్తరమంతా చదివినది. ఆ చిన్నదానికి ఉన్న బాధ్యత విద్యుత్ శాఖ వారికి లేకపోవుట శోచనీయము."

నేను ఎగిరి గంతేశాను. పెన్సిలు పట్టుకున్న పరిశోధకులందరూ తలెత్తి చూశారు. పిన్ని మాత్రం కదల్లేదు. "పేరు లేదు" అంది.

"టైపిస్టు అని ఉందిగా!"

"ఏ టైపిస్టు? పేరు లేకపోతే ఎవరైనా కావచ్చు."

అప్పుడిక నాకు తల తిరిగిపోయింది. బయటికొచ్చి కార్యదర్శికి ఫోన్ చేసి, నెలరోజుల కోపమంతా అతని మీదే కక్కేశాను. అతను పాపం ఓపిగ్గా విన్నాడు. "ఉత్తరం వేద్దామండీ. దాని పక్కనే ఆవిడ సంతకంతో, ఆ రాత్రి ఏం జరిగిందో ఆవిడ మాటల్లోనే ఇస్తే పేరుతో సహా వేస్తాను. ఐదింటికి మాత్రం నా చేతిలో ఉండాలి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. పిన్ని కంప్యూటరు ముందు కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నా గొప్ప నేను టైపు చేసుకోనా? ఛీ" అంది.

"కోర్టులో కాగితాలు మాత్రమే టైపు చేశావా పిన్నీ? బోనెక్కి సాక్షి చెబితే ఏం చేసేదానివి?"

"చెప్పింది చెప్పినట్టు కొట్టేదాన్ని."

"దానికి కాగితం అడిగేదానివా?"

కుర్చీ కాస్త వెనక్కి జరిపింది.

"లే. ఆ కుర్చీ నాది. నువ్వు ఇటొచ్చి నిలబడు" అన్నాను.

"నీకు టైపు రాదే!"

"రెండు వేళ్లున్నాయి. చాలు. సాక్షి పేరు?"

పిన్ని లేచింది. బల్లకి అటువైపు వెళ్లి, కొంగు సర్దుకుని నిలబడింది. గోడకేసి ఒకసారి చూసింది. తన పేరు చెప్పింది.

మామూలుగా చెప్పలేదు. అరవలేదు కూడా. వెనక వరుసలో కూర్చున్నవాడికి సైతం ప్రతి అక్షరం వినబడేలా, గది నిండిపోయేలా చెప్పింది. మా పిన్ని దగ్గర అలాంటి గొంతు ఉందని నలభై ఏళ్లుగా నాకు తెలియదు. నిజం ఒప్పుకోవాలి, కాళ్లరిగేలా ఆమె వెంట తిరిగానే గానీ, ఆ కథ మీద నాకూ లోలోపల అనుమానమే. చిన్నప్పుడు నవ్విన నవ్వు పూర్తిగా పోలేదు. ఆ గొంతు విన్నాక సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఏమే, టైపు చెయ్యవేం? నువ్విలా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కూర్చుంటే సాక్షి నిలబడి నిలబడి ఛస్తుంది" అంది పిన్ని.

కళ్లు తుడుచుకుని, ఆమె పేరులో మొదటి అక్షరం కోసం వెతికాను.