భోజనాల బంతిలో చదివిన పత్రం

కౌసల్య మెదక్‌లో పుట్టింది, మెదక్‌లోనే చదువుకుంది. కుల్చారంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతోంది. పొద్దున్నే రాందాస్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడుతుంది. నాట్లకు, కలుపులకు కూలికి పోయే ఆడవాళ్లు కూడా ఆ పక్కనే నిలబడతారు. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడితే మాటలు కలుస్తాయి. ఏ ఊళ్లో ఎంత కూలి ఇస్తున్నారో, ఏ రైతు మధ్యాహ్నం చాయ్ పోయిస్తాడో ఆమెకు తెలుసు.

కొన్నాళ్లుగా ఆ గుంపు పలచబడుతోంది. కలుపుకు మందు కొడుతున్నారు. కోతకు మిషన్ వస్తోంది. నాట్ల రోజులు పోతే మిగిలిన నెలల్లో ఈ ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? కౌసల్య దీని మీద ఒక పత్రం రాసుకుంది. ఎక్కడ చదవాలో తెలియక బీరువాలో పెట్టింది.

అప్పుడు హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక మేధో సంస్థ జిల్లాల్లో శాఖలు తెరవడం మొదలుపెట్టింది. పేరు దేశ ప్రగతి అధ్యయన వేదిక. దేశాభివృద్ధి, ఆర్థిక వృద్ధి ఎట్లా సాధించాలో జిల్లాల నుంచే ఆలోచనలు రావాలని వాళ్ల ఉద్దేశం. మెదక్ శాఖకు బ్యాంకు మేనేజరుగా రిటైరైన జనార్దన్ అధ్యక్షుడు. స్టీలు బీరువాల దుకాణం నడిపే గులాం మొహియుద్దీన్ ఉపాధ్యక్షుడు. ఆఫీసుకు ఆయన దుకాణం మీది గదే ఇచ్చాడు. కౌసల్య కార్యదర్శి. అర్థశాస్త్రం తెలిసినవాళ్లు కమిటీలో ఆమె తప్ప ఎవరూ లేరు. పని చేసేవాళ్లు కూడా లేరు.

ప్రతి జిల్లా శాఖకూ మొదటి ఏడాది ఒక అధ్యయనం ఇస్తారు. ప్రారంభ సభలో స్థానికులు చదివిన పత్రం డైరెక్టరు అమరేందర్‌కు నచ్చితే దాన్నే తీసుకుంటారు. నచ్చకపోతే, లేదా ఎవరూ చదవకపోతే, హైదరాబాద్‌లో ముందే అనుకున్న అంశం ఇస్తారు. మెదక్‌కు వాళ్లు అనుకున్నది హైవే పక్క భూముల ధరలు. కౌసల్యకు కావలసింది ఆ సభలో ఒక్క అరగంట.

సభకు వారం ముందు ముగ్గురూ బీరువాల దుకాణంలో కూర్చున్నారు.

"సన్మానం ఎవరెవరికి అమ్మా?" అన్నాడు జనార్దన్.

"డైరెక్టర్ సార్‌కు. రైస్ మిల్లు మదన్ మోహన్ గారికి. హవేలిఘనపూర్ నుంచి వచ్చే రైతు సంఘం వాళ్లకు. ఇంకో నలుగురైదుగురిని కూడ రాస్త సార్."

"గంతమందికెందుకు?"

"శాలువ కప్పితే కుర్చీల కూసుంటరు. కప్పకపోతే గేటుకాడ నిలబడి ముచ్చట్లు పెట్టుకుంటరు. నా పేపరు చదివేటప్పుడు మంది కూసొని ఉండాలె గద."

మొహియుద్దీన్ నవ్వాడు. "మేడం, మీరు గిట్ల రాసుకుంట పోతే కప్పించుకునేటోళ్లే గానీ కప్పేటోళ్లు మిగలరు."

ఆమె ఇంకో ఇద్దరిని రాసింది. శాలువా కప్పితే అందరూ కూర్చుని వింటారన్నది ఆమె లెక్క. ఊరి సభలు ఎన్నో చూసిన మనిషే, అయినా ఆ లెక్క తప్పింది.

ఆదివారం ఫంక్షన్ హాలు నిండింది. దీపం వెలిగించారు. అమరేందర్ దేశం ఎటు పోవాలో క్లుప్తంగా, బాగానే చెప్పాడు. తరువాత సన్మానాలు మొదలయ్యాయి. పిలిచిన ప్రతి మనిషీ కుర్చీల మధ్య నుంచి నిదానంగా వచ్చాడు. శాలువా కప్పగానే కింద నుంచి ఎవరో "ఇంకొకటి, ఇటు సూడుండ్రి" అని ఫోను ఎత్తారు. సన్మానం అందుకున్నవాళ్లు "రెండే మాటలు" అని మైకు అందుకున్నారు. మదన్ మోహన్ తన మిల్లు పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి తన పేరు పిలవలేదని లేచి బయటికి నడుస్తుంటే జనార్దన్ పరుగెత్తి పట్టుకొచ్చాడు. శాలువాలు అప్పటికే అయిపోయాయి. తన భుజం మీదిది తీసి దులిపి ఆయనకు కప్పాడు.

వేదిక చివర కాగితాలు పట్టుకుని కూర్చున్న కౌసల్యకు అమరేందర్ గడియారం చూసుకోవడం కనబడింది. ఆయన మధ్యాహ్నం అల్లాదుర్గ్‌లో ఇంకో మీటింగుకు పోవాలి.

జనార్దన్ ఆమె పక్కకు వంగాడు. "అమ్మా, సార్‌కు టైం అయితుంది. నీ పేపరు వాట్సాప్‌ల పంపుదాం."

"వాట్సాప్‌ల ఎవరు చదువుతరు సార్?"

"మరేం జేస్తవ్? మంది ఆకలి మీదున్నరు."

ఆమె లేచి వెనక వంటల దగ్గరికి వెళ్లింది. మొహియుద్దీన్ బగారా అన్నం మూత తీసి చూస్తున్నాడు.

"భాయ్, సార్ తినకుండ పోతడా?"

"ఈ వాసన చూసినంక ఎట్ల పోతడు మేడం?"

"అయితే బఫే వద్దు. బల్లలేసి బంతిల కూసుండబెట్టుండ్రి. సార్‌ను నడుమ కూసుండబెట్టాలె. నిలబడి తింటే ప్లేటు పట్టుకొని కారుదాక పోతడు."

మొహియుద్దీన్‌కు వెంటనే అర్థమైంది. బంతిలో కూర్చున్న మనిషి పక్కవాళ్ల తిండి కాకముందే లేవడు. లేస్తే పెట్టినవాళ్లను అవమానించినట్టు. బల్లలు వేయించాడు. అమరేందర్‌కు ఒక పక్క జనార్దన్‌ను, ఇంకో పక్క మెల్లగా తినే మదన్ మోహన్‌ను కూర్చోబెట్టాడు. మైకు వైరు అక్కడిదాకా లాగించాడు.

అన్నం వడ్డించగానే కౌసల్య కాగితాలు విప్పింది.

"మేడం, తినేటప్పుడా?" అన్నాడు అమరేందర్.

"మీరు తినుండ్రి సార్. నేను చదువుత."

"అన్నం పెట్టి పాఠం చెప్తవా టీచరమ్మా!" అని చివరి నుంచి ఎవరో అరిచారు. బంతి మొత్తం నవ్వింది. అమరేందర్ కూడా నవ్వాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

మొదట గరిటెల చప్పుడే ఎక్కువ వినబడింది. చౌరస్తాలో ఆటో ఎక్కే ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి కొంత తగ్గింది. పని లేని నెలల్లో కొందరు బీడీలు చుడుతున్నారని, కొందరు హైదరాబాద్‌లో బిల్డింగు పనులకు పోతున్నారని, చాలామంది సంగతి తనకు తెలియలేదని ఆమె చదివింది. అమరేందర్ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినప్పుడు మొహియుద్దీన్ దాల్చా గిన్నెతో వచ్చాడు.

"జర ఏసుకోండ్రి సార్."

"చాలు భాయ్."

"ఏం తిన్నరు సార్? పిట్ట తిన్నట్టు తిన్నరు." అంటూనే వేశాడు.

అమరేందర్ తినడం ఆపి ఆమె వైపు చూశాడు. "కోత మిషన్ రావడం అభివృద్ధే కదా మేడం?"

"అభివృద్ధే సార్. హవేలిఘనపూర్ల మా నాయిన పొలం కూడ మిషన్‌తోనే కోస్తరు. నేను వద్దంటలేను. అభివృద్ధి వచ్చినంక వీళ్లు ఎటు పోయిండ్రో ఎవరన్న చూసిండ్రా అని అడుగుతున్న."

"ఎటు పోయారో మీకు తెలుసా?"

"పూర్తిగ తెల్వదు. తెలిస్తే స్టడీ ఎందుకు సార్?"

మదన్ మోహన్ ముద్ద కలుపుతూ "గా మాట నిజమే" అన్నాడు. ఎవరి మాట నిజమన్నాడో తేలలేదు.

చేతులు కడుక్కున్నాక అమరేందర్ అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడాడు. భూముల ధరలు వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఇప్పుడు ఇదే చేయండి, కానీ నివేదిక మీద హైదరాబాద్ పరిశోధకుల పేర్లు ముందుంటాయి, మీది తరువాత ఉంటుంది అన్నాడు. కౌసల్య ఒక క్షణం ఆలోచించి సరేనంది. ఇంకో మాట అడిగింది.

"మీవాళ్లు పొద్దున ఆరింటికి చౌరస్తాల ఉండాలె సార్. ఆఫీసుల కూసుంటే ఆ ఆడోళ్లు దొరకరు."

"ఆరింటికా!" అన్నాడు అమరేందర్. తరువాత తలూపాడు.

మరుసటి నెలలో ఇద్దరు పరిశోధకులు ట్యాబులు పట్టుకుని వచ్చారు. ఆరింటికి చౌరస్తాలో కౌసల్య వాళ్లను సాయవ్వకు పరిచయం చేసింది. సాయవ్వ చాలా ఏళ్లుగా కూలి మందిని కూడగట్టి తీసుకుపోయే మనిషి. పరిశోధకుడు మొదటి ప్రశ్న అడిగాడు. సాయవ్వ ఆటోలో ఒక కాలు పెట్టి వెనక్కి చూసింది.

"మేం పోకపోతే రైతు వేరేటోళ్లను పిలుస్తడు బిడ్డా. ఎక్కితే ఎక్కుండ్రి, లేకుంటే జరుగుండ్రి."

"నిలబడి అడిగితే కాదు," అంది కౌసల్య. సంచి ఒడిలోకి తీసుకుని సాయవ్వ పక్కన ఇరుక్కుని కూర్చుంది. పరిశోధకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు డ్రైవరు పక్కన ఎక్కాడు. రెండోవాడు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆటో కుల్చారం రోడ్డు పట్టింది.