వద్దంటే ఊరుకోవాలి

మిట్టేమరి అంగన్‌వాడీలో యశోదమ్మ చెప్పే పాఠాల్లో ఊరికి నచ్చనిది ఒకటుంది. మూడేళ్ల పిల్లనైనా సరే, "ఎత్తుకోనా అమ్మా?" అని అడిగితే గానీ ముట్టుకోదు. పక్కవాడి పలక కావాలన్నా అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. తమకు వద్దనిపిస్తే ఎంత పెద్దవాళ్లకైనా చెప్పేయాలి. చింతామణిలో టీచర్లకు పెట్టిన శిక్షణలో ఈ సంగతి అరగంట చెప్పి, టీ ఇచ్చి పంపారు. మిగతా టీచర్లు టీ తాగి మరిచిపోయారు. ఈవిడ మాత్రం గట్టిగా పట్టుకుంది.

భర్త వెంకటప్ప పోయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఒక పూట వండి రెండు పూటలు తినే ఇల్లు ఆమెది. ఆదివారం నోరు తెరిచే పనే ఉండదు. సోమవారం పొద్దున మొదటి మాటకు గొంతు బొంగురుగా వస్తుంది.

అలాంటి మనిషికి నయన దొరికింది. నాలుగేళ్లది. వాళ్లమ్మ ప్రతిమ బాగేపల్లిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, బస్సు దిగేసరికి అయిదున్నర. మిగతా పిల్లలు నాలుగింటికే వెళ్లిపోతారు. తలుపుకు తాళం వేసి, అరుగు మీద నయనను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లే ఆ గంటన్నర కోసమే యశోదమ్మ తక్కిన రోజంతా గడిపేది. పైకి చెప్పదు గానీ, బస్సు ఆలస్యమైతే ఆమెకు సంతోషమే. అందరినీ అడిగే మనిషి నయనను అడగడం ఎప్పుడో మానేసింది. తన బిడ్డే అనుకుంది, పాపం.

ఒకరోజు నయన తాత గోపాలప్ప మొహం ముడుచుకుని వచ్చాడు.

"ఏందమ్మా, పిల్లకి ఏం నేర్పిస్తాండావు? బుగ్గ గిల్లబోతే వద్దంటాది. తాతకే వద్దంటాదా?"

"ఆ బుగ్గ దానిదే కదప్పా. అడిగి గిల్లు."

"అడిగితే ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకోకుంటే ఊరుకో."

వారం తర్వాత ప్రతిమకు ఓవర్‌టైం పడితే, మనవరాలిని తీసుకుపోవడానికి ఆయనే వచ్చాడు. అప్పుడే అరుగు మీద కూర్చున్న యశోదమ్మ, అలవాటుగా నయన చంకల కింద చేతులు వేసింది.

"వద్దు మిస్. నేనే కూచుంటా."

కోపమూ లేదు, అలకా లేదు. ఆ పిల్ల జానెడు దూరంలో కూర్చుని కాళ్లు ఊపుకుంటోంది.

గోపాలప్ప నవ్వాడు. "చిన్నబిడ్డ, దానికేం తెలుస్తాది. ఒళ్లోకి లాక్కోమ్మా, ఒక నిమిషం గింజుకుని ఊరుకుంటాది."

యశోదమ్మ చేతులు ఇంకా పిల్ల వైపే చాచి ఉన్నాయి. ఆయన చెప్పింది నిజమే. కాస్త బుజ్జగిస్తే వచ్చేస్తుంది. కానీ అలా వస్తే, ఆ పిల్ల ఇంకెక్కడా వద్దని చెప్పలేకపోతుంది.

"వద్దనింది కదప్పా," అని చేతులు వెనక్కి తీసుకుంది. "అడక్కుండా ఎత్తుకోబోతి. తప్పు నాదే నయనమ్మా."

మర్నాడు అడిగింది. నయన వద్దంది. ఆ మర్నాడూ అంతే. ఇక అడగలేదు. రోజూ అడగడం కూడా బలవంతమే అవుతుందేమోనని భయపడింది.

శనివారం ఎప్పటి పాఠమే చెప్పింది. "మనకిష్టం లేకపోతే ఏమనల్ల?"

"వద్దు అనల్ల," అని అందరికంటే గట్టిగా నయనే అరిచింది.

"శభాష్ నయనమ్మా," అంది యశోదమ్మ, ఆ పిల్లను ముట్టుకోకుండా.