ఫోల్డరుకి తేదీ పెట్టని ఫల్గుణ

పాడేరులో ఆటలపోటీల ఫోటోలు తీసే ఫల్గుణకి ఒకే ఒక్క జబ్బు. ఫోల్డరుకి తేదీ పెట్టడు. సిగరెట్టు కాల్చడు, పేకాడడు, భార్య మాట జవదాటడు. కానీ కంప్యూటర్లో ఫోల్డరుకి తేదీ పెట్టమంటే మాత్రం ససేమిరా అంటాడు. 'షామియానా ఎగిరిపోయింది' అని ఒక ఫోల్డరు. 'సాంబారు మాడింది' అని ఇంకొకటి. 'రిఫరీ పడ్డాడు' అని ఒకటుంటే, దాని కిందే 'మళ్ళీ పడ్డాడు' అని మరొకటి.

అలాగని అశ్రద్ధ మనిషి అనుకునేరు. ఒక్క కబడ్డీ మీట్ అయితే చాలు, బొత్తాం మీద వేలు తియ్యకుండా నొక్కుకుంటూ పోయి వేలకి వేలు ఫోటోలు తెస్తాడు. కాళ్ళయినా కడుక్కోకుండా వాటిని రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కిస్తాడు. ఒకటి స్టూడియోలో, రెండోది అక్కగారింట్లో, కొండ తేమ తగలకుండా బియ్యం డబ్బాలో. ఆ తర్వాత కూర్చుని మసకవన్నీ ఏరి పారేస్తాడు. ఒక పిల్లకి ఉన్నది ఒక్క ఫోటోయే అయితే మాత్రం అది ఎంత మసకైనా ముట్టుకోడు. అన్నిట్లోనూ పద్ధతే, పేర్లలో తప్ప.

ఈ పేర్ల తద్దినం చివరికి సత్యకుమారి నెత్తిన పడింది. ఆమెది విజయనగరం వైపు, బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. మీట్‌ల ఫోటోలన్నీ తేదీల వారీగా ఒక డిస్కులో కావాలని జిల్లా ఆఫీసువాళ్ళు ఆమెకి పురమాయించారు. ఆదివారం పొద్దున్నే స్టూడియోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"'లారీ రివర్స్' ఏటండీ ఫల్గుణ గారూ? అదేం ఆట?"

"వాలీబాల్ మేడమ్. లారీ రివర్సొచ్చి నెట్టు లాక్కుపోనాది."

"వాలీబాల్ అనే పెట్టొచ్చు కదా?"

"పెడితే ఏ వాలీబాలో ఎలా తెలుత్తాది?"

ఆమెకి ఒళ్ళు మండింది. "తేదీ పెడితే తెలుస్తుంది. అన్నీ నేను మార్చేస్తాను."

"ఆఫీసుకిచ్చే డిస్కులో మార్చుకోండి మేడమ్. తేదీ కెమెరాయే రాసేత్తాది, ఫోటోలోనే ఉంటాది. నా డిస్కు జోలికి మాత్రం రాకండి."

ఆమె పంతం పట్టి మధ్యాహ్నానికల్లా తన డిస్కుని అద్దంలా చేసింది. లారీలూ సాంబార్లూ పోయి, ఏడాది, నెల, రోజు వరసగా నిలబడ్డాయి. ఇంక టీ తాగుదామనుకుంటూంటే అప్పలనర్సమ్మ, ఆమె కూతురు రమణి జీపు దిగి లోపలికి వచ్చారు.

రమణికి మర్నాడే విశాఖలో క్రీడా హాస్టలు సెలక్షను. ఇదివరకు జిల్లా మీట్‌లో పరిగెత్తినట్టు రుజువు కావాలన్నారు. సర్టిఫికెట్టేమో ఇల్లు కారి వానకి ముద్దయిపోయింది. పరిగెడుతున్న ఫోటో ఉన్నా సరేనట. అదీ లేకపోతే గీత దగ్గర నిలబడనివ్వరు.

"నేను తీస్తానమ్మా. ఏ తేదీ?" అంది సత్యకుమారి ఉత్సాహంగా.

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు చూరు వైపు చూసింది.

"చలికాలం మేడమ్. ఆరో తరగతో, ఏడో తరగతో" అంది రమణి.

సత్యకుమారి చలికాలాలన్నీ తెరిచింది. అన్నిట్లోనూ అదే గ్రౌండు, అదే ఎర్రదుమ్ము, అవే నీలం నిక్కర్లు. బయట విశాఖ వైపు వెళ్ళే ఆఖరి జీపువాడు హారను కొడుతున్నాడు. రమణి ముఖం చిన్నబోయింది.

ఫల్గుణ టీగ్లాసు పక్కన పెట్టి అప్పలనర్సమ్మ వైపు తిరిగాడు. "అప్పా, ఆ రోజు ఏటయ్యింది?"

"ఏటవడమేటి తమ్ముడూ, గ్రౌండులోకి పందులు సొరబడ్డాయి కాదా."

ఫల్గుణ తన డిస్కులో 'పందులు' తెరిచాడు. జుట్టు ఎగురుతూ, పళ్ళు బిగించి, రమణి అక్కడే ఉంది.

సత్యకుమారి తెర దగ్గరికి వంగి చూసింది. "దీనికోసమా ఈ పేర్లు?" అంది.

"నా కాడికొచ్చినోలు తేదీ సెప్పరు మేడమ్. ఎవుల్నీ ఉత్తినే పంపకూడదని ఆళ్ళు సెప్పే పేరే పెడతాను. మీ పాప మొదట నడిసింది ఏ తేదీ, సెప్పండి?"

"ఆ రోజు కరెంటు పోయింది" అనేసి సత్యకుమారి నాలిక్కరుచుకుంది. ఫల్గుణ నవ్వలేదు, పాపం, ప్రింటరులో కాగితం పెట్టుకున్నాడు. ఇంత మంచి మనిషిని పొద్దుట్నించీ విసుక్కున్నానే అని ఆమెకి సిగ్గేసింది. ఆఫీసు డిస్కులో ఆ తేదీ పక్కనే 'పందులు' అని కూడా చేర్చింది.

ఇంతలో ఫోటోలో ఇంకో చిక్కు కనిపించింది. రమణి కంటే ముందు, చీర ఎగ్గట్టి, కర్ర పట్టుకుని, పందుల వెంటపడి అప్పలనర్సమ్మ గీత దాటేసింది. గెలుపు రిబ్బను ఆవిడ పొట్టకే చుట్టుకుంది.

"అమ్మని మాత్రం కత్తిరించేద్దామా?" అంది సత్యకుమారి.

"వద్దు మేడమ్" అంది రమణి. "అమ్మ ఆ పందుల్ని తోలకపోతే నాకు దారేదీ?"

ఫోటో మొత్తంగానే వెళ్ళింది. విశాఖలో సార్లు దాన్ని తిప్పితిప్పి చూశారు, రమణిని పరిగెత్తించారు, తీసుకున్నారు. అంతా అయ్యాక వాళ్ళలో పెద్దాయన ఫోటో మీద వేలు పెట్టి, "ఈ ఫస్టొచ్చినావిడ ఏ స్కూలు?" అని అడిగాడు.

"మా అమ్మండి" అంది రమణి. "ప్రాక్టీసేమీ లేదండి."