పక్కింటి వదినా, పుస్తకంలో ఆవిడా

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్లు పుస్తకం చదివే పద్ధతి చూస్తే ఏ రచయితకైనా కడుపు మండిపోతుంది. నవల ఇంటికి రాగానే ముందు దాని కుట్లు విప్పేసేవాళ్లం. పార్సిలు ఆఫీసులో గోనెసంచులు కుట్టే సూది ఒకటి ఇందుకోసమే మా క్వార్టర్ల వరసలో ఉండేది. పుస్తకం ఫారాలుగా, అంటే అచ్చువాళ్లు మడిచి కుట్టే కాగితాల కట్టలుగా విడిపోయేది. ఒక్కో ఫారానికి గోధుమరంగు కాగితం అట్ట వేసి ఒక్కో ఇంటికి పంచేవాళ్లం. అందరూ చదివాక మళ్లీ కుట్టేసి, వచ్చిన దారినే విజయనగరం పంపేవాళ్లం. అక్కడి అద్దె పుస్తకాల కొట్టువాడు మమ్మల్ని ఎన్ని తిట్టుకున్నాడో గానీ, ఒక్క పుస్తకం ఇన్నిళ్లలో వారం తిరిగేలోపు చదవాలంటే మాకు వేరే దారి లేదు.

చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ. తెలుగు అక్షరం కావాలంటే విజయనగరం ప్యాసింజరు రావాలి. ఆ బండి మీద పనిచేసే గార్డుగారే మాకు పుస్తకాలు తెచ్చేవారు. ఆయన పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, దీపం, వాటి కింద మా నవల.

ఫారాలు వరసగా తిరగాలని రూలు. ఆ రూలు పాటించిన ఇల్లు ఒక్కటీ లేదు. ముందు ఇంటి ఫారంలో చచ్చిపోయిన తాతగారు మా ఇంటి ఫారానికొచ్చేసరికి మనవరాలి పెళ్లిచూపులకు బయల్దేరేవారు. అయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. నీళ్ల కొళాయి దగ్గర నిలబడి, జరిగిందీ జరగబోయేదీ ఒకరికొకరు చెప్పేసుకునేవారు.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను కనుక మధ్యాహ్నాలు మా వరండాలో కూర్చుని పైకి చదివేదాన్ని. మగవాళ్లు డ్యూటీలకు పోయాక ఆడవాళ్లంతా వచ్చేవారు. మా అత్తకు అక్షరం ముక్క రాదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వినేది, వింటూ తీర్పులు చెప్పేది. ఆవిడ నోటికి జడిసి కొందరు ఆవిడ లేని రోజు చూసుకుని వచ్చేవారు. గార్డుగారి భార్య మాత్రం రోజూ వచ్చేది. మా పక్క క్వార్టరే. నేను వదినా అని పిలిచేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషి. చదువుకోవడం వచ్చు గానీ, కూడబలుక్కుని చదివేది.

స్వాతంత్ర్యం వచ్చి ఇంకా కొద్దికాలమే అయింది. ఆ శ్రావణమాసంలో వచ్చిన నవలలో ఒక ఆడమనిషి ఉంది. కొట్టే మొగుణ్ని వదిలేసి పుట్టినూరు వచ్చి ఒంటరిగా ఉంటుంది. ఆ ఏడు వానలు పడవు. చెరువు ఎండుతుంది, పశువులు చస్తాయి. ఊరు ఊరంతా ఆ పాపం ఆమె మెడకు చుడుతుంది. మొగుడి దగ్గరకు పోతేగానీ వాన పడదని ఆమెను నీళ్లు కూడా ముట్టనివ్వరు. నేను చదువుతుంటే ఆడవాళ్లు కొంగులు తడిసేలా ఏడ్చేవారు. హెడ్ గుమాస్తాగారి భార్య అయితే వెక్కిళ్లు పెట్టేది.

మా అత్త ఒక్కతే ఏడ్చేది కాదు.

"ఊరంతా ఒక మాటంటే ఆడదానికి ఇంకో మాటేటి? బుద్ది లేదు దానికి. తన్ని పంపాల" అనేది చేటతో బియ్యం ఎగరేస్తూ. ఆ మాటకు అందరూ నోళ్లు నొక్కుకునేవారు. ఈవిడ రాతిగుండెకు నా ఒళ్లు మండిపోయేది. పక్కింటి వదిన తలవంచుకుని చాప ఈనెలు గిల్లుతూ ఉండేది.

ఆమె తలవంచుకోవడానికి కారణం మా అందరికీ తెలుసు. పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లలు లేరు. గార్డుగారికి రెండో పెళ్లి మాటలు జరుగుతున్నాయి. రెండో పెళ్లికి అడ్డుచెప్పే చట్టం ఇంకా రాని రోజులు. ఆ ఆదివారం హెడ్ గుమాస్తాగారి ఇంట్లో తెలుగువాళ్ల కమిటీ కూర్చుంది. దసరాకి నాటకం వెయ్యాలన్నా, ఎవరి కాపురం చక్కబెట్టాలన్నా అదే కమిటీ. మా ఆయనా వెళ్లాడు, టీ తాగి వచ్చాడు.

"ఫైసలా అయిపోయింది. శుక్రవారం ప్యాసింజరుకి ఆవిణ్ని వాళ్ల అన్నయ్య ఇంటికి పంపేస్తారు. కార్తీకంలో ఈయన పెళ్లి" అన్నాడు.

"ఆవిణ్ని అడిగారా?" అన్నాను.

"అడగడానికి ఏముంది? అందరి మంచికే కదా."

కోపంతో నాకు అన్నం సహించలేదు. కానీ ఏం చెయ్యగలను, కంచం ముందు కూర్చుని మొహం మాడ్చుకోవడం తప్ప.

ఆ వారం మా ఫారాలు మరీ తలకిందులయ్యాయి. చివరి ఫారం వెళ్లాల్సిన ఇంట్లో పిల్లకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టేశారు. ఆ ఇంట్లోకి కాగితం పోకూడదు కనుక అది నా దగ్గరకొచ్చింది. ఆగలేక చదివేశాను. దానికి ముందు ఫారం పక్కింటి వదిన దగ్గరుంది.

బుధవారం మధ్యాహ్నం ఆ ఫారం తీసుకుందామని వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల బియ్యం కడిగి గిన్నెలో పోసి ఉన్నాయి. పొయ్యి ముట్టించలేదు. ఫారం మంచం మీద బోర్లా పడి ఉంది. తీసి చివరి పేజీ చూశాను. నవలలో ఎట్టకేలకు వాన పడింది, ఏరు పొంగింది. ఇంతవరకూ వాన లేదని తిట్టిన ఊరే ఇప్పుడు వరద తెచ్చిందని ఆమెను తరిమింది. ఆమె ఏట్లో దిగింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. అక్కడ వాక్యం మధ్యలో ఫారం అయిపోయింది.

ఆమె ఈదుకుంటూ అవతలి గట్టెక్కుతుందనీ, ఒండ్రు పట్టిన నేలలో విత్తనం చల్లుకుని బతుకుతుందనీ నాకు తెలుసు, ఆ కాగితాలు నా దిండు కింద ఉన్నాయి కనుక. వదినకు తెలియదు. వదిన చదివినంతవరకూ ఏట్లో దిగడమే కథకు ముగింపు.

నా కేకకు ఆడవాళ్లంతా పోగయ్యారు. బావిలోకి తొంగి చూశారు. స్టేషను వైపు ఒకరు పరిగెత్తారు. ఇంతలో డ్యూటీ దిగి వస్తున్న గ్యాంగ్‌మేన్ ఒకతను మా గోల విని ఆగాడు.

"ఏక్ ఝన్ బాయీ పటరీ పటరీ జావత్ రహిస్, పుల్ కోతీ" అన్నాడు.

ఒక ఆడమనిషి పట్టాల వెంట వంతెన వైపు పోతోందట. ఆ వైపున్న వంతెన ఖారూన్ నది మీదే. వానలకు ఖారూన్ నిండుగా ఉందని రెండు రోజులుగా డ్రైవర్లు చెప్పుకుంటున్నారు.

"మా ఆయనొచ్చాక కమిటీకి చెబుదాం" అంది హెడ్ గుమాస్తాగారి భార్య. మిగిలినవాళ్లు ముక్కు మీద వేలేసుకుని నిలబడ్డారు. మా అత్త చేట కింద పెట్టి లేచింది, కొక్కేనికున్న గొడుగు తీసింది.

"నువ్వు రిక్షా ఆపు" అంది నాతో.

వంతెన దారిలోని టాటీబంధ్ అప్పటికింకా పొలాల మధ్యనున్న ఊరే. అక్కడ రిక్షా దిగి గట్ల మీదుగా పట్టాలెక్కాం. వాన మొదలైంది. తడిసిన స్లీపర్ల మీద అడుగు జారుతోంది. గూడ్సుబండి ఒకటి వస్తే కిందికి దిగి నిలబడ్డాం. అదే బండి కాసేపటి క్రితం ఆ వంతెన దాటి వచ్చిందని తోచింది. దాని చక్రాల వైపు చూడలేక కళ్లు మూసుకున్నాను. బండి పోగానే అత్త ముందు నడిచింది. ఆవిడ తిట్టినా బాగుండుననిపించింది.

నేను రాయపూర్ వచ్చాక ఖారూన్‌ని చూడడం అదే మొదలు. పుస్తకాల్లో నదుల గురించి చదివి కన్నీళ్లు పెట్టుకున్నదాన్ని, ఊరి పక్క నదిని చూడనేలేదు. ఎర్రగా, అంచుల దాకా పారుతోంది. వంతెన మీద ఎవరూ లేరు. నీళ్లలో కొట్టుకుపోతున్న ప్రతి నురగా నాకు చీరకొంగులాగే కనిపించింది. అప్పుడు అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

కింద గట్టు వారగా వదిన నిలబడి ఉంది. పాదాలు నీళ్లలో ఉన్నాయి. చీర నడుం దాకా తడిసి ఉంది. నేను అరవబోయాను.

"నోరెత్తకు. జడుసుకుంటే జారిపోతాది" అంది అత్త చెవిలో.

ఆ బురదలో చెట్ల కొమ్మలు పట్టుకుని, కూర్చుని, పాకుతూ దిగాం. ప్రతి అడుక్కీ ఆమె ముందుకు కదులుతుందేమోనని నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. దగ్గరకొచ్చాక అత్త ఆమె చెయ్యి పట్టుకోలేదు. పక్కన వెళ్లి నిలబడింది, తన పాదాలు కూడా నీళ్లలో పెట్టి. వదిన తల తిప్పి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"దిగుదామనే వొచ్చాను పెద్దమ్మా. దిగేను కూడాను. నీళ్లు సల్లగున్నాయి, బయమేసింది" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "వదినా, ఆవిడ చచ్చిపోలేదు. నా దగ్గర చివరి ఫారం ఉంది, ఆవిడ..."

"సెప్పకు" అంది వదిన. అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "ఆవిడ బతికినా సచ్చినా నా శుక్కురోరం నాకే ఉంటాది."

నీళ్లకేసి చూస్తూ ఆమే మెల్లిగా అంది.

"పుస్తకంలో ఏరు ఆవిణ్ని పిలిసిందని రాసేరు. ఇంతసేపూ ఇక్కడ నిలబడ్డాను. నన్నేటీ పిలవలేదు. దాని పని అది సేసుకుంటా పోతోంది." నా వైపు తిరిగింది. "గొడ్రాలని కూడా అనలేదు పిల్లా."

అత్త గొడుగు ఆమె మీదికి జరిపింది. ముగ్గురం తడుస్తూనే ఇంటికొచ్చాం. ఆ సంగతి గార్డుగారికి ఎలాగూ తెలిసింది. శుక్రవారం మాత్రం మారలేదు.

శుక్రవారం ప్యాసింజరు మీద డ్యూటీ ఆయనదే. భార్యను పంపే బండిని ఆయనే నడిపించాలి. కమిటీ పెద్దలంతా ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. హెడ్ గుమాస్తాగారు దారిలో తినమని బిస్కట్ల పొట్లం కూడా తెచ్చారు, అంత మర్యాద! వదిన ట్రంకుపెట్టెను బండి చివర, గార్డు ఎక్కే బ్రేకువ్యానులో ఎక్కించారు. ఆడవాళ్ల పెట్టె తలుపు తీసి పట్టుకున్నారు. గంట కొట్టారు, సిగ్నలు పడింది.

వదిన ఎక్కలేదు.

"ఎక్కమ్మా" అన్నారు పెద్దలు. "ఎక్కు" అన్నారు గార్డుగారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన విజిల్ ఊదారు. పచ్చజెండా విప్పారు గానీ ఊపలేదు. ఇంజనులోంచి డ్రైవరు తల బయటకు పెట్టి వెనక్కి చూశాడు, కూత వేశాడు. స్టేషను మాస్టరు తలుపు దగ్గరకొచ్చి "క్యా హువా, గార్డ్ సాబ్?" అని అరిచాడు. కిటికీల్లోంచి తలలన్నీ ఇటే తిరిగాయి. గార్డుగారి మొహాన చెమట కారుతోంది. చెయ్యి పట్టుకు లాగితే అందరూ చూస్తారు, వదిలేస్తే అందరూ చూస్తారు. డ్రైవరు మళ్లీ కూత వేశాడు.

"మీరెల్లండి. బండి లేటవుతాది" అంది వదిన, మామూలుగా ఆయన డ్యూటీకి బయల్దేరే రోజున చెప్పినట్టే.

ఆయన జెండా ఊపారు. బండి కదిలింది. ట్రంకుపెట్టె వెళ్లిపోయింది. కట్టుకున్న చీరతో వదిన మిగిలింది. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని గేటు వైపు నడిచారు.

క్వార్టరుకు తాళం ఉంది. తాళంచెవి ఆయన జేబులో విజయనగరం వెళ్లిపోయింది. వదిన తన గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. మా వరస ఎంత తొందరగా ఖాళీ అయిందో నేను చూశాను. కొళాయి దగ్గర బిందెలు సగం నిండకుండానే ఇళ్లలోకి పోయాయి. హెడ్ గుమాస్తాగారి భార్య కిటికీ రెక్క కూడా మూసేసింది. రెండు రోజుల క్రితం దాకా ఆ నవల వింటూ వెక్కిళ్లు పెట్టిన మనిషి! నాకు ఆ కిటికీ బద్దలుకొట్టాలనిపించింది.

నేను గుమ్మం దాటబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనకెందుకు? ఆవిణ్ని మనింట్లో పెట్టుకుంటే కమిటీకి నేను ఏం మొహం చూపించాలి?"

అత్త వెనకనుంచి వచ్చి ఆ చేతిని పక్కకు తోసింది. "కమిటీకి నువ్వెల్లు. ఇంటికి అది వొస్తాది" అంది. వరండా దిగి, వీధంతా వినేలా వదిన మీద అరిచింది. "ఏటా కూకోడం? నాకు నడుం నెప్పి. బిందె తోమి నీళ్లు పట్రా. రా!"

వదిన లేచి వచ్చింది. వచ్చి మా గుమ్మం పక్కన గోడకానుకుని, మొదటిసారి ఏడ్చింది. నేను నమ్మలేక అత్త మొహం వైపు చూస్తూ ఉండిపోయాను. చివరకు ఉండబట్టలేక అడిగేశాను.

"పుస్తకంలో ఆవిణ్ని అన్ని తిట్లు తిట్టావు కదా అత్తా!"

"అది పుస్తకంలోది. దానికి ఆకలెయ్యదు" అంది అత్త విసుగ్గా. "ఈ గుంట పొద్దుట్నించి ఏటీ తిన్లేదు. అలా సూస్తావేటి?"

నేను వెళ్లి పొయ్యి ముట్టించాను.