ఫ్యాను కింద మంచం

నర్సింగ్ రెండో సంవత్సరంలో నాతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను కూడా ఫోనులోనే. మందుల లెక్కలు నేర్చుకోమని మా కాలేజీ వాళ్లు ఒక యాప్ ఇచ్చారు. అందులో తెల్ల మీసాల ముసలాయన ఒకడు మంచం మీద పడుకుని రెప్పలార్పుతూ ఉంటాడు. 'పేరు అడుగు' అన్నచోట నొక్కితే పేరు చెబుతాడు. చేతికున్న పేరు పట్టీ చూసి, మోతాదు లెక్కగట్టి, సిరంజిలో సరిగ్గా అంతే మందు లాగితే "థాంక్యూ సిస్టర్" అంటాడు. తప్పు చేస్తే ఏమీ అనడు, స్క్రీన్ ఎర్రగా మారుతుంది.

యాప్ చివర ఒక పరీక్ష ఉండేది. ఇరవై లెక్కల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. మూడు అవకాశాలు ఇస్తారు. పాసైతేనే వార్డులో రోగులకు ఇంజెక్షన్ ఇవ్వనిస్తారు. మూడోసారి కూడా పోతే కింది బ్యాచ్‌లో కలుపుతారు, ఏడాది పోయినట్టే.

నేను మొదటిసారే పాసయ్యాను. మాది కొల్లేరు పక్క ఊరు, చేపల వ్యాపారం. తూకాలు నోటితో కట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ లెక్కలు నాకో లెక్క కాదు. భవానీపురం హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి మాత్రం రెండుసార్లు ఫెయిలైంది. మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంటి పిల్ల. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి వంటమ్మ మనవరాలి దాకా అందరి సంగతులూ దానికి కావాలి. నాతో కూడా మాట్లాడాలని చూసేది, నేనే ముడుచుకుని కూర్చునేదాన్ని.

దానికి కారణం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మొదటి సంవత్సరం మా అమ్మ పంపిన ఎండుచేపల డబ్బా మూత తీయగానే గదిలో అందరూ ముక్కులు మూసుకుని నవ్వారు. అదీ నవ్వింది. ఆ తర్వాత కిటికీ తెరిచి, వేయించిన ముక్కలు నాలుగు అడిగి మరీ తిన్నది అది ఒక్కతే. నేను మాత్రం నవ్వును గుర్తుపెట్టుకుని, తిన్నదాన్ని మర్చిపోయాను.

మూడో పరీక్షకు వారం ముందు, సాయంత్రం టిఫిన్ అయ్యాక నోట్సు పట్టుకుని నా మంచం మీదకు వచ్చి కూర్చుంది.

"ఏమే, ఇది చూడవే. డాక్టర్ గారు డెబ్బై అయిదు మిల్లీగ్రాములు ఇమ్మన్నారు. సీసాలో రెండు ఎమ్మెల్‌కి వంద ఉంది. దేన్ని దేంతో భాగించాలో నాకు బుర్రకెక్కట్లేదే."

"యాప్‌లో ఉందిగా, చూసుకో."

"అది తప్పంటుందే గానీ ఎందుకు తప్పో చెప్పదే."

"నాకు చదువుకునేది ఉంది," అన్నాను. చదువూ లేదు, గిదువూ లేదు. అది లేచి వెళ్లేదాకా ఫోనులో ముసలాయన్ని చూస్తూ కూర్చున్నాను. దాని తప్పు ఎక్కడుందో నాకు చూడగానే తెలిసింది. ఒక్క ఎమ్మెల్‌లో ఎంత ఉందో ముందు రాసుకోదు. అంతే. పది నిమిషాల పని.

ఆ తర్వాత గదిలో ఎవరూ నన్ను టిఫిన్‌కి పిలవలేదు. పిలవకపోతే పోనీ అనుకున్నాను. అనుకున్నానే గానీ, కింద మెస్‌లో వాళ్ల నవ్వులు వినబడుతుంటే నా ప్లేటు పైకి తెచ్చుకుని తినేదాన్ని. ఇడ్లీ ఎప్పుడూ చల్లారిపోయేది.

మూడో పరీక్ష రోజు పొద్దున ఇద్దరికీ మగవాళ్ల వార్డులోనే డ్యూటీ. దానికి పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. ఇంజెక్షన్లు ఇవ్వనివ్వరు కాబట్టి అది జ్వరాలూ బీపీలూ చూస్తూ, మంచం మంచానికీ ఆగి కబుర్లు చెబుతోంది. నాకు ఏడో నంబరు మంచానికి ఇన్సులిన్ పడింది. మా సిస్టర్ సీసా చూసి, యూనిట్లు చూసి "సరిగ్గా ఉంది, పద, వస్తున్నా" అని, అయిదో మంచం దగ్గర సెలైన్ ఆగిపోతే అటు తిరిగింది. సిస్టర్ వచ్చేదాకా ఆగాలి. నేను ఆగలేదు.

మా వార్డులో చేతులకు పట్టీలు ఉండేవి కావు. కేసు షీటు మంచానికి వేలాడేది. షీటు చూసి, అందులో ఉన్న పేరు నేనే చదివి, "మీరే కదండీ?" అని అడిగాను. మంచం మీద పెద్దాయన చిన్నగా నవ్వి, "అవునమ్మా" అన్నాడు.

చొక్కా పైకి తీశాడు. స్పిరిట్ దూదితో తుడిచాను. సూది పొట్టకు బెత్తెడు దూరంలో ఉండగా నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. చూస్తే అదే.

"ఆగవే! తాతగారు ఎనిమిదో నంబరు కదా. ఆయన పైన ఫ్యాను ఆగిపోయిందని ఏడో నంబరు బాబాయ్ గారు రాత్రి తన మంచం ఇచ్చారు. ఈయనకి షుగరే లేదు, ఆయాసం."

పక్క మంచం మీద ఏడో నంబరాయన న్యూస్‌పేపర్‌తో విసురుకుంటూ లేచి కూర్చున్నాడు. "నాదేనమ్మా అది, నాకే వెయ్యండి" అన్నాడు. మనుషులు మారారు, షీట్లు మాత్రం మంచాలకే ఉండిపోయాయి.

సిరంజి ట్రేలో పెట్టాను. "మరి అవునన్నారేంటండీ?" అని పెద్దాయన్ని అడిగాను. కోపంగానే అడిగాను.

"నర్సమ్మ అడిగితే కాదంటామా తల్లీ? మీకు తెలీకుండా ఉంటుందా," అన్నాడాయన. ఆయన చొక్కా ఇంకా పైకే ఉంది.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయే ఆ చొక్కా కిందకు లాగి సర్దింది. నా వైపు చూసి, "నేనెవరికీ చెప్పన్లేవే, భయపడకు," అంది.

నేనే వెళ్లి సిస్టర్‌కి చెప్పాను. అందులో నా గొప్ప ఏమీ లేదు, చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. సిస్టర్ తిట్టాల్సినవన్నీ తిట్టి, రెండు వారాలు సిరంజి ముట్టుకోవద్దంది. అప్పటికి టైము పన్నెండున్నర. లంచ్‌కి వెళ్లి దాని పక్కన కూర్చుని, ఒక్క ఎమ్మెల్‌లో యాభై, డెబ్బై అయిదంటే ఒకటిన్నర అని చూపించడానికి గంటన్నర ఉంది. నాకు పరీక్ష సంగతి గుర్తుంది. గుర్తులేదంటే అబద్ధం.

దానికి ఎదురుపడే మొహం లేక, దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఉతికిన మూటల మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక యాప్ తెరిచాను. 'పేరు అడుగు' నొక్కాను. ముసలాయన తన పేరు తాను చెప్పాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే చెప్పాడు. ఎన్నిసార్లు నొక్కినా ఆయన ఇంకొకరి పేరుకు అవుననడు, ఇంకొకరి మంచం మీద పడుకోడు. నాకు ఏడుపొచ్చింది. ఎంతసేపు కూర్చున్నానో, బయటికొచ్చేసరికి రెండున్నర దాటింది.

అది ఒక్క లెక్కలో పోయింది. ఎలాంటి లెక్కో నేను అడగలేదు.

రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్నగారు వచ్చి పెట్టె ఆటోలో పెట్టించారు. కింది బ్యాచ్‌లో చేరడం ఇష్టం లేక చదువే మానేస్తానందట. నేను పైన కిటికీ దగ్గర నిలబడ్డాను. అది వెళ్లొస్తానని వాచ్‌మన్‌కి చెప్పింది, వంటమ్మకి చెప్పింది, తల ఎత్తి పైకి కూడా ఒకసారి చూసింది. నేను పక్కకి తప్పుకున్నాను.

ఆ పక్క మంచం ఏడాదంతా ఖాళీగానే ఉంది. దానిపైనే ఫ్యాను. వార్డెన్ గారు అటు మారమన్నా నేను మారలేదు.

ఇప్పుడు గన్నవరం దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఏ మంచం దగ్గరైనా షీటు వెనక్కి తిప్పి పెట్టి, "మీ పేరు మీరే చెప్పండి" అంటాను. అంత మాటకే కొందరు ఎంత కష్టపడతారో! నేనే చెబుతానని ఎదురుచూస్తారు. చెప్పను.

అది వెళ్లిపోయిన వారానికి ఆ లెక్కను కాగితం మీద వరసగా చేసి, ఒక్క ఎమ్మెల్‌లో ఎంతో పక్కనే రాసి, ఫొటో తీసి దానికి పంపాను. ఇంకేం రాయాలో తెలియలేదు. నాలుగు రోజుల పాటు జవాబు లేదు. ఐదో రోజు వచ్చింది. నన్ను ఏమే, ఏంటే అని తప్ప పిలవని పిల్ల.

"థాంక్సండీ," అని పెట్టింది.