ఎస్తేరక్కను వెళ్లొద్దన్న ఆసుపత్రి

ఎనిమిదేళ్లు దాటింది ఒక అబద్ధాన్ని మోయడం మొదలుపెట్టి. పెద్దదేమీ కాదు. నాలుగైదు వాక్యాలు. కానీ ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను మాత్రం కళ్లు తెరిచి ఒక మనిషి వంకే చూస్తుంటాను. ఆమె పెదవులు మెల్లగా కదులుతుంటాయి. వాటి మీదికి నా కూతురి పేరు వస్తుందేమోనని భయం. చాలాసార్లు వస్తుంది.

ఇది మా ఆయనకు తెలియదు. మా పాస్టర్ గారికి తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను చూడలేరు, రేపు నా ఎదురుగా కూర్చుని అన్నం తినరు. నాకు అంతే ధైర్యం ఉంది.

మేం ఉండేది అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పెళ్లయిన ఐదేళ్లకు కూడా పిల్లలు కలగకపోతే మాల్ దగ్గరున్న ఒక ప్రైవేట్ క్లినిక్‌లో ఐవీఎఫ్ చికిత్సకు చేరాం. అక్కడ వెయిటింగ్ రూమ్‌లో ఒకరోజు తలెత్తి చూస్తే ఎదుటి కుర్చీలో ఎస్తేరక్క. మా తెలుగు చర్చిలో కీర్తనలు ఎత్తుకునే మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఊరు నర్సాపురం దగ్గర. ఇక్కడ ఒక ఫార్మసీలో పని చేసేది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని బిగుసుకుపోయాం. చర్చిలో ఎవరికీ తెలియకూడదని ఆమె దాస్తోంది, నేనూ దాస్తున్నాను. తరవాత ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. బ్యాగులోంచి ఒక కమలాపండు తీసి, వలిచి, సగం నా చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

ఆ ట్రీట్‌మెంట్‌లో పొట్టకు రోజూ ఇంజెక్షన్లు చేసుకోవాలి. నా రెండో ప్రయత్నం సమయంలో మా ఆయనను ఒహాయోలో ప్లాంట్ పనికి పంపించారు. సూది తీసి, గుచ్చుకోలేక మళ్లీ పక్కన పెట్టేసేదాన్ని. ఫోన్‌లో ఏడుస్తూ చెబితే అక్క ఆ సాయంత్రమే వచ్చింది. మంచు పడుతుంటే, పని దిగి, అరగంట డ్రైవ్ చేసుకుని, తొమ్మిది రోజులు వరసగా వచ్చింది. చేతులు వేడినీళ్లతో కడుక్కుని, అవి చల్లగా లేవని తన బుగ్గకే ఆనించుకుని చూసుకుని, అప్పుడు నన్ను ముట్టుకునేది. సూది గుచ్చేటప్పుడు చిన్నప్పుడు వాళ్లమ్మ చేపలు ఎండబెట్టే కబుర్లు చెప్పి నా ధ్యాస మళ్లించేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసింది ఎవరికి చేశానో మీకు తెలియాలి.

ఆ ప్రయత్నం నాకు ఫలించలేదు. ఆమెకు కూడా అప్పటికి రెండుసార్లు ఫలించలేదు. ఇప్పుడేం చేయాలి? అదే క్లినిక్‌లో ఇంకోసారి ప్రయత్నించాలా, ప్రభుత్వ యూనివర్సిటీ ఆసుపత్రికి మారాలా? ఇద్దరం వారాల తరబడి ఇదే మాట్లాడుకున్నాం. ప్రైవేట్‌లో అన్నీ త్వరగా అవుతాయి, అడిగిన రోజే అపాయింట్‌మెంట్ ఇస్తారు. కానీ ఎందుకు నిలవడం లేదో చెప్పరు. మళ్లీ చేద్దాం అంటారు, అంతే. ముందు నువ్వు వెళ్లి యూనివర్సిటీ ఆసుపత్రి చూసి రా, నువ్వైతే అన్నీ చదివి అడుగుతావు, నువ్వు ఏది మంచిదంటే నేను అందులోకి వెళ్తాను అంది అక్క.

నేను వెళ్లాను. ఫిబ్రవరి నెల, బుధవారం. అక్కడ ఒక ముసలి నర్సు గంటసేపు ఓపికగా మాట్లాడింది. మాలాంటి వాళ్ల కోసమే, అంటే రెండుసార్లు విఫలమైన వాళ్ల కోసం, వాళ్ల దగ్గర ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాం ఉందట. మళ్లీ మొదలుపెట్టే ముందు రెండు మూడు నెలలు అన్ని పరీక్షలూ చేసి కారణం వెతుకుతారట. ఏడాదికి ఒక్కసారే, మార్చిలో, కొద్దిమందిని తీసుకుంటారు. చేరే నాటికి ఆడమనిషికి నలభై నిండకూడదు. ఈ ఏడాదికి ఒక్కటే చోటు మిగిలింది, ముందు ఎవరు కాగితాలు ఇస్తే వాళ్లకి అంది.

ఒక్కటే.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చున్నాను. నాకు ముప్పై మూడు. అక్కకు కిందటి నెలలోనే ముప్పై తొమ్మిది నిండాయి. వచ్చే మార్చికి నేను ఇంకా చేరగలను. ఆమె చేరలేదు. ఈ లెక్క నాకు తెలియక కాదు. కారులో కూర్చున్న ఆ క్షణంలోనే తెలుసు. ఈ విషయంలో నన్ను నేను ఎప్పుడూ మోసం చేసుకోలేకపోయాను. తొందరలో అన్నాను, ఆలోచించలేదు అని చెప్పుకోవాలని ఎన్నోసార్లు చూశాను. అబద్ధం. బుధవారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు ఆలోచించాను. ఏ మాటలు అనాలో కూడా ఆలోచించుకున్నాను.

అబద్ధం చెప్పకుండా ఉండే దారి కూడా నాకు ఉంది. మౌనంగా కాగితాలు ఇచ్చేసి, ఉన్న ఒక్క చోటూ నాకు దొరికిందక్కా అని చెప్పేయవచ్చు. అది స్వార్థమే, కానీ నిజం. ఆమె బాధపడేది, నన్ను క్షమించేది కూడా. కానీ అక్క ఫోన్ చేసి అడిగితే? నాకంటే ముందు కాగితాలు ఇస్తే? మా ఆయన సంతకం కావాలి, ఆయన ఒహాయో నుంచి శనివారం రాత్రికిగానీ రాడు, ఆఫీసు సోమవారంగానీ తెరవరు. ఆ మధ్యలో ఆదివారం ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింది అంతస్తులో అందరూ భోజనాలు చేస్తున్నారు. అక్క నా చేయి పట్టుకుని కోట్లు తగిలించే మూలకు తీసుకెళ్లింది.

"వెళ్లొచ్చావంట కదా. ఎలా ఉంది చెల్లీ?"

"వద్దక్కా," అన్నాను. "అక్కడ స్టూడెంట్లు నేర్చుకుంటూ చేస్తారు. వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త డాక్టర్. ఊరికే టెస్టుల మీద టెస్టులు పెట్టి నెలలు గడిపేస్తారు. మీకు అంత టైం లేదు కదా. మీరు ప్రైవేట్‌లోనే కంటిన్యూ చేయండి."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. అనుమానంతో కాదు. నేను తన కోసం బాధపడుతున్నానని అనుకుంది.

"నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే అక్కడికి పోయి ఉన్న ఏడాదీ పాడు చేసుకునేదాన్ని," అంది.

నా మాటల్లో అన్నీ అబద్ధాలు కావు. అక్కడ నేర్చుకునే డాక్టర్లు ఉన్నారు, పరీక్షలు నెలలు పడతాయి. నేను చేసిందల్లా మంచిని చెడుగా చెప్పడం. పైగా ఆమెకు దేని భయం ఉందో నాకు బాగా తెలుసు. దాన్నే వాడుకున్నాను. మీకు అంత టైం లేదు కదా. ఎనిమిదేళ్లుగా నా చెవుల్లో మోగేది ఈ ముక్కే. అది అన్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా ఉందో కూడా నాకు గుర్తుంది.

సోమవారం పొద్దున్నే కాగితాలు ఇచ్చేశాను. అక్కకు, మా ఆయన కంపెనీలో ఇన్సూరెన్స్ మారింది, తప్పక అక్కడికే వెళ్లాల్సి వస్తోంది అని చెప్పాను. అయ్యో అంది. నా కోసం ప్రార్థన చేస్తానంది.

ఆ పరీక్షల్లో నా గర్భసంచి లోపల ఒక చిన్న పొర కనిపించింది. ప్రైవేట్‌లో రెండేళ్లు ఎవరూ దాన్ని చూడలేదు. చిన్న ఆపరేషన్‌తో తీసేశారు. జులైలో పిండాన్ని పెట్టారు. నిలిచింది.

ఆ ప్రోగ్రాం మాట, ఆపరేషన్ మాట అక్క దగ్గర ఎత్తలేదు. ఆమె ప్రైవేట్‌లోనే కొనసాగింది. మేలో ఒకసారి, పోయింది. నవంబరులో ఇంకోసారి. ఈసారి నిలిచింది. ఆ వార్త చెప్పడానికి ఆమె ఫోన్ చేసినప్పుడు నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతో అనుకుంది మా అక్క. నిజానికి అది నేను తప్పించుకున్నానన్న ఏడుపు. ఇక పర్వాలేదు, నా అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఇద్దరికీ పిల్లలు పుడతారు, నేను చచ్చేదాకా ఈ మాట ఎత్తక్కర్లేదు.

పదో వారంలో ఆ బిడ్డ పోయింది.

నాకప్పుడు ఆరో నెల. వెళ్లాలా వద్దా? ఈ పొట్టతో ఆమె ఎదుట ఎలా నిలబడాలి? వెళ్లకపోతే ఏమనుకుంటుంది? చారు కాచి, అన్నం వండి తీసుకెళ్లాను. అక్క సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. వాళ్లాయన ప్రభుదాస్ గారు తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోతే ఆమే రమ్మని పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకుని నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుని, నా బిడ్డ క్షేమంగా పుట్టాలని చాలాసేపు ప్రార్థన చేసింది. ఆ చెయ్యి కింద నా పాప కదిలింది. అక్క కళ్లు తెరిచి నవ్వింది.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. కానీ ఆ నిమిషంలో చెబితే అది ఎవరి కోసం? ఆమె ఉన్న బాధ మీద ఇంకో బాధ పెట్టి నేను తేలికపడటం కాదా? అలా నాకు నేను చెప్పుకున్నాను. ఎంత మంచిదాన్నో చూడండి. ఆమె బాధ గురించి ఆలోచించి నోరు మూసుకున్నానట.

ఆ తరవాత వాళ్ల డాక్టరు ఇక ఆపేయమన్నాడు.

యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లి ఉంటే అక్కకు బిడ్డ పుట్టేదా? తెలియదు. నాకు దొరికిన కారణంలాంటిదేదో ఆమెకూ ఉండి ఉండవచ్చు, లేకపోవచ్చు. ఎంత వెతికినా దీనికి జవాబు లేదు. జవాబు ఉంటే బాగుండేది. ఎలాగూ పుట్టేది కాదని తెలిస్తే నేను నిద్రపోగలను. తప్పకుండా పుట్టేదని తెలిస్తే కనీసం నేను ఏం చేశానో నాకు స్పష్టంగా తెలుస్తుంది. ఈ రెండూ కాక, అక్క ఇంట్లో ఒక పిల్ల తిరుగుతూ ఉండేదేమో అన్న ఊహ మాత్రం మిగిలింది. దానికి ఏటికేడు వయసు పెరుగుతోంది. నా పాప పుట్టినరోజు కేకు కోస్తుంటే పక్కన ఇంకో పిల్ల నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది నాకు. నా పాప కంటే మూడు నాలుగు నెలలు చిన్నది. అక్క రంగు, అక్క జుట్టు. ఎవరికీ కనిపించదు. నేను మాత్రం ప్లేట్లు లెక్క తప్పుతాను.

నా పాపకు ఏడేళ్లు. ఎస్తేర్ ఆంటీ అంటే ప్రాణం. క్రిస్మస్‌కి తెలుగులో చదవాల్సిన వాక్యాలు ఆంటీయే నేర్పుతుంది. పాప అమెరికా యాసలో తడబడుతుంటే విసుక్కోకుండా పదిసార్లు చెప్పిస్తుంది. రెండేళ్ల కిందట చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి అక్క లేచి నిలబడినప్పుడు, మాకు పిల్లలు లేకపోయినా ఆ కష్టకాలంలో నా వెంట ఉండి మంచి సలహా ఇచ్చిన ఒక చెల్లెలిని దేవుడు ఇచ్చాడు అంది. అందరూ నా వైపు తిరిగి చూశారు. మా ఆయన గర్వంగా నా చేయి నొక్కాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బహుశా ఇది రాసేదాన్ని కాదు.

ఈ అక్టోబరులో బెంటన్‌విల్ అనే ఊరి నుంచి ఒక జంట మా చర్చికి కొత్తగా వచ్చారు. ఆ అమ్మాయి పేరు దీప్తి. రెండు ప్రయత్నాలు పోయాయట. ఎక్కడ కొనసాగించాలో తెలియడం లేదని అక్కతో చెప్పుకుందట. అక్క ఆమెను నా దగ్గరకు తీసుకొచ్చింది. చర్చి వంటగదిలో నేను గిన్నెలు సర్దుతున్నాను. దీనికి అన్నీ తెలుసు, అడుగు అంది.

దీప్తి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయాను. యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లమన్నాను. ఆ ప్రోగ్రాం గురించి చెప్పాను, మార్చి గురించి, నలభై ఏళ్ల నిబంధన గురించి, కారణం వెతుకుతారన్న సంగతి, అన్నీ. ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది. అక్క పక్కనే నిలబడి ఒక స్టీలు గిన్నెను గుడ్డతో తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే తుడుస్తోంది.

పార్కింగ్‌లో పాపను కారు ఎక్కించి తలుపు వేశాక అక్క నా దగ్గరకు వచ్చింది.

"ఆ ప్రోగ్రాం అప్పుడు కూడా ఉండేదా చెల్లీ?"

గొంతులో కోపం లేదు. ఎనిమిదేళ్లు ఎదురుచూస్తే దొరికిన అవకాశం, ఆమే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నాకు ఏ చోటూ అక్కర్లేదు. ఎవరితోనూ పోటీ లేదు. నా పాప కారులో కూర్చుని ఉంది. అవునక్కా అంటే చాలు.

"లేదక్కా," అన్నాను. "తరవాత పెట్టారు."

ఆమె నా మొహం వంక చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. తరవాత తల ఊపి, చలిగా ఉంది, జాగ్రత్తగా డ్రైవ్ చేయి అని వెళ్లిపోయింది.

ఆమెకు తెలిసిందా? నాకు తెలియదు. ఒక్క ఫోన్ చేస్తే ఆసుపత్రి వాళ్లే చెబుతారు. చేసిందేమో. ఆ తరవాతి ఆదివారం కూడా పాపకు పాఠం చెప్పింది. నాతో మామూలుగానే మాట్లాడింది. కాకపోతే నన్ను చెల్లీ అని పిలవలేదు. మరిచిపోయిందో, మానేసిందో. అప్పటి నుంచి ప్రతి వారం ఆ పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. ఇంతవరకు రాలేదు.

మొదటి అబద్ధం బిడ్డ కోసం చెప్పానని ఇన్నాళ్లూ సమాధానపడ్డాను. బిడ్డ కోసం తల్లులు ఏమైనా చేస్తారు కదా అని. మరి రెండోది ఎవరి కోసం చెప్పాను? ఆమె నన్ను మంచిదాన్ని అనుకోవడం కోసం, అంతే. ఇది తెలిశాక మొదటిదాన్ని కూడా పాత కళ్లతో చూడలేకపోతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆమెకు చెబుతానని కూడా మాట ఇవ్వను. ఇచ్చి తప్పుతాను. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గొంతు దాటి రాని మాటను ఇప్పుడు మాత్రం సరిగ్గా రాస్తాను. ఒక్కటే చోటు ఉంది. ఆమెకు అదే ఆఖరి అవకాశమని నాకు తెలుసు. తెలిసి, ఎస్తేరక్కను వెళ్లొద్దన్నాను.

రాశాను. ఊపిరి ఆడుతోంది.