త్రాసులో తేలిన తూటా

నా చిన్నప్పుడు దసరా సెలవుల కోసం వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టేదాన్ని. బొమ్మల కొలువు కోసమో కొత్త గౌను కోసమో కాదు. కుందారపల్లి దగ్గర బస్సు దిగి, మామిడితోపుల మధ్య గంటసేపు నడిస్తే వచ్చే మా తాత ఇంట్లో పడమటి గది ఒకటి ఉండేది. ఆ గదిలో మా తాత తుపాకి తూటాలు నింపేవాడు. ఈ మాట ఇప్పుడు మత్తిగిరిలో మా మేడమీది ఆడవాళ్ళతో అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. రిటైరైన నర్సమ్మ, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే మనిషి, ఈమెకు తూటాలేమిటని వాళ్ళ అనుమానం.

మా తాత వయసులో ఉన్నప్పుడు ఒక దొర తోటలో మేస్త్రీగా పనిచేశాడట. ఆ దొర దేశం వదిలి పోతూ తన పెద్ద రైఫిలునీ, దాని సరంజామా ఉన్న చెక్కపెట్టెనీ తాతకు ఇచ్చిపోయాడు. తాత ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు రాయించుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి అది మా చిన్నమామ పేరుకు మారింది. పంట మీద పడే అడవిపందిని కొట్టడానికి ఆ రోజుల్లో అనుమతి ఉండేది. ఇప్పటి చట్టాలు వేరు, ఆ తుపాకి కూడా ఎప్పుడో పోలీసు స్టేషనుకు చేరిపోయింది.

ఆ రైఫిలుకు సరిపోయే తూటాలు బయటి దేశం నుంచి రావాలి. అవి రావడం ఆగిపోయింది. అందుకని కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని మామ పారేయకుండా జేబులో వేసుకుని వచ్చేవాడు, తాత దాన్ని మళ్ళీ నింపేవాడు. గొట్టం అడుగున నిప్పు రాజేసి పేలిపోయిన పాత రేకు టోపీని తట్టి తీసేసి కొత్తది నొక్కడం, లోపల మందు పోయడం, మూతికి గుండు బిగించడం. చెప్పడానికి మూడు ముక్కలే. కానీ చింతపండు వేసి తోమిన ఆ ఇత్తడి గొట్టాలు చెక్కదిమ్మలోని గుంటల్లో వరసగా నిలబడి కిటికీ ఎండకు తళతళలాడుతుంటే నాకు ఒళ్ళంతా పులకరింత వచ్చేది. గడప అవతల కూర్చుని గంటలకొద్దీ చూసేదాన్ని. గడప దాటనిచ్చేవాడు కాదు.

నాకు పదేళ్ళప్పటి దసరాకు తాత కళ్ళకు పొర వచ్చింది. మందు తూచే చిన్న త్రాసు ముల్లు ఆయనకు కనబడడం లేదు. బంగారం పని చేసే ఆచారి దగ్గర కొన్న త్రాసు అది. తూకానికి ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, ఒక్కో తూటాకు ఎంత మందు కావాలో అంత బరువుకి అరగదీసి పెట్టుకున్నది. నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే తాత నన్ను పిలిచి, "పాపా, నీ కండ్లు నాకు కావల్ల. గాజులు తీసి పెట్టి రా" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. గాజు పళ్ళేనికి తగిలితే ముల్లు ఊగుతుందని కుడిచేతి గాజులు తీయించాడు. బోసి చెయ్యి చూసి మా అవ్వ సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది.

పడమటి గదికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. దీపం పెట్టకూడదు, పగటి వెలుతురులోనే పని. ఒక గొట్టంలో మందు పోయగానే ఒక చింతపిక్క గిన్నెలో వేయాలి. వరస మధ్యలో లేవకూడదు. వీటన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. తూటాలు నింపినవాళ్ళే వాటిని తుపాకి పట్టేవాడి చేతికి ఇవ్వాలి. ఇస్తూ, "నేను నింపినాను" అని పైకి చెప్పాలి. ఆ మాట వినకుండా మా మామ తూటా ముట్టడు. ప్రతిసారీ తాత ఎంత ఠీవిగా ఆ మాట చెప్పేవాడో. నేను ఎప్పటికైనా ఆ మాట చెప్పాలని ఎన్ని రాత్రులు దుప్పటి కింద గొణుక్కున్నానో నాకే తెలుసు.

ఆ ఏడాది చెనక్కాయ చేలన్నీ ఒక ఒంటి పంది పాడుచేస్తోంది. పక్కింటి అక్క వాళ్ళ నాయన దాన్ని తరమబోతే తొడ చీల్చేసింది. ఆయన కృష్ణగిరి ఆస్పత్రిలో ఉన్నాడు. కాయ పీకే అదను దాటిపోతోంది, కూలికి వచ్చే ఆడవాళ్ళు ఆ చేలోకి మేం దిగం అన్నారు. ఆ పంట పోతే అక్క వాళ్ళ ఇంట్లో ఆ ఏడు పొయ్యి వెలగడం కష్టం. పన్నెండు తూటాలు నింపి పెట్టమని మామ చెప్పి వెళ్ళింది అందుకే.

నేను త్రాసు ముందు కూర్చున్నాను. గసగసాల కంటే కాస్త లావుగా ఉండే బూడిదరంగు మందు, చిటికెతో ఒకటీ అరా గింజ వేస్తూ, ముల్లు నడిమికి రాగానే ఊపిరి బిగబట్టి గొట్టంలోకి వంచేదాన్ని. పిక్క గిన్నెలో టిక్కుమనేది. నా వెనకే తాత చేత్తో తడుముకుంటూ గుండ్లు బిగించుకుంటూ వస్తున్నాడు. సగం వరస అయిందో లేదో బయట పక్కింటి అక్క గొంతు వినిపించింది.

"పెద్దప్పా, పంది మా చేను పక్కన కంపలోనే పండుకొని ఉంది. అన్నను పిలిపించండప్పా."

మామకు కబురు పంపడానికి తాత పంచె సర్దుకుంటూ బయటికి పోయాడు. నన్ను కూర్చోమనే అన్నాడు. నేను కూర్చుంటే కదా. కాళ్ళు నిలవలేదు. వసారాలోకి పరుగెత్తి, అక్క చెప్పేది నోరు తెరుచుకుని విని, తాత వెనక్కి తిరిగేలోపు మళ్ళీ వచ్చి త్రాసు ముందు బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను. ఏ గొట్టం దగ్గర ఆపానో ఒక్క క్షణం తెలియలేదు. ఇదే అయ్యుంటుందిలే అనుకుని తర్వాతి దానితో మొదలుపెట్టాను.

పని ముగిశాక గిన్నెలో పిక్కలు లెక్కపెడితే పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే. అప్పటికి తాత చివరి గుండు కూడా బిగించేశాడు. పన్నెండు తూటాలూ పైకి చూస్తే ఒక్కలాగే ఉన్నాయి. "ఎన్ని పాపా?" అన్నాడు. పక్కనున్న కుప్పలోంచి ఇంకో పిక్క తీసి గిన్నెలో వేసి, "పన్నెండు తాతా" అన్నాను.

పిక్క వేయడం మరిచానేమో, మందు పోసే ఉంటాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లేచి వెళ్ళానని తెలిస్తే మళ్ళీ గడప అవతలే నా చోటు. ఆ భయం ఒకటే నాకు కనబడింది. కానీ అన్నం ముందు కూర్చుని సంగటి ముద్దను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించాను. మందు లేని తూటా ఏం చేస్తుందో తాతే ఒకసారి చెప్పాడు. అడుగున టోపీ ఒక్కటే పేలుతుంది. దాని ఊపుకి గుండు తుపాకి గొట్టంలో సగం దాకా పోయి ఇరుక్కుంటుంది. ఎదురుగా వచ్చే పంది ఆగదు. కంగారులో ఇంకోసారి కాలిస్తే ముందున్న గుండు దారి ఇవ్వక తుపాకే ముఖం మీద పగులుతుంది. మా మామకు అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు.

మధ్యాహ్నానికి మామ వచ్చేశాడు. వసారా నిండా జనం. పందిని లేపడానికి పలక డప్పులు పట్టుకున్నవాళ్ళు, డబ్బాలు పట్టుకున్నవాళ్ళు, అందరికీ పండగ మాదిరి ఉత్సాహం. నాకూ అంతే, భయంతో కలిసిన ఉత్సాహం. తాత తూటాల పెట్టె తెచ్చి అందరి ముందూ నా చేతుల్లో పెట్టాడు.

"ఈ తూరి నింపింది మా పాప. పాపే ఇస్తుంది" అన్నాడు.

ఎంతో కాలంగా నేను ఎదురుచూసిన నిమిషం అది. మామ నా ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. పెట్టె ఇవ్వడానికి నా చేతులు ముందుకు పోయాయి కానీ నోట్లోంచి ఆ ఒక్క మాట రాలేదు. రెండుసార్లు నోరు తెరిచాను. మామ చెయ్యి అలాగే చాపి ఉంది. తొందరేమీ పెట్టలేదు.

"మామా, ఒకదాంట్లో మందు పోసినానో లేదో నాకు తెలీదు. మధ్యలో లేచి పోయినాను" అన్నాను.

ఎవరో పెద్దాయన, ఆడపిల్ల చేతికి ఇట్లాంటి పనులు ఇస్తే ఇంతే అన్నాడు. తాత ఆయన వైపు చూడను కూడా లేదు. లోపలికి పోయి త్రాసు తెచ్చి వసారా నడుమ పెట్టి, "నా కండ్లకు కనబడదు. నువ్వే తూచు" అన్నాడు.

ఒక్కో పళ్ళెంలో ఒక్కో తూటా పెట్టాను. ముల్లు నడిమినే నిలబడింది. ఇంకో జత పెట్టాను. అదీ అంతే. జనమంతా వంగి చూస్తున్నారు, నా మెడ మీద వాళ్ళ ఊపిరి తగులుతోంది. నాలుగో జతలో ఎడమ పళ్ళెం చటుక్కున పైకి లేచింది. ఆ తూటాను తీసి ఇంకోదానితో తూచాను. మళ్ళీ పైకే లేచింది. ఆ ఒక్క తూటా ఏమీ ఎరగనట్టు మిగతా వాటిలాగే మెరుస్తోంది. మిగిలిన పదకొండూ ఒకటే తూకం.

పలక పట్టుకున్నతను, "ఎందుకొచ్చిన గొడవ, కొత్తగా నింపుకొని రేపు పోదామప్పా" అన్నాడు.

"ఎందుకు? పదకొండు ఉండాయి గదా" అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇవి ఎవురు నింపినారు?"

"నేను నింపినాను మామా."

"సరే. ఇట్లియ్యి."

ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చాను. వాటిలో కొన్ని అక్కడికక్కడే తుపాకిలో వేసుకుని, మిగతావి జేబులో పోసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నేనూ తాతా మిద్దె ఎక్కాం. చేల అవతల కంపలు కనబడుతున్నాయి కానీ మనుషులు చీమల్లాగే ఉన్నారు. ఏం జరుగుతోందో చూసి చెప్పడం నా పని. పలకలు మోగాయి, డబ్బాలు మోగాయి. కంపలో ఒక చోట కొమ్మలు కదిలాయి. "అదుగో తాతా, వస్తా ఉంది, మామ వైపే వస్తా ఉంది" అని నేను అరిచేలోపు తుపాకి మోగింది. మొదటిది. ఆ వెంటనే రెండోది. పలకలన్నీ ఆగిపోయాయి. ఒక్కరి అలికిడి లేదు. తాత నా బోసి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అంతదాకా ఆయనకు భయమే లేదనుకున్నాను.

దూరం నుంచి పక్కింటి అక్క కొంగు ఊపుతూ పరుగెత్తుకుంటూ వచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "పడిపోయింది పెద్దప్పా, అన్నకు ఏం కాలేదు" అంది. నేను మిద్దె మీదే గెంతులు వేశాను. అవ్వ కింద నుంచి తిడుతున్నా ఆగలేదు.

మామ వచ్చి నాతో శభాష్ అనలేదు, తప్పు గురించి కూడా ఒక్క మాట అనలేదు. నా గుప్పిట తెరిచి రెండు ఖాళీ గొట్టాలు పెట్టాడు. ఇంకా మందు వాసన వస్తోంది. "తోమి పెట్టు పాపా. ఆదివారం నింపుదువు" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పొద్దు వాలే వేళకు తాత పడమటి గదిలో చింతపిక్కలు ఎత్తుతూ, "పన్నెండో పిక్క యాడిది?" అని అడిగాడు. కుప్పలోంచి తీసి వేశానని చెప్పేశాను. ఆయన గిన్నెలోంచి ఒక పిక్క తీసి విడిగా పెట్టాడు.

"పదకొండని చెప్పింటే పది నిమిషాల పని. లేచి పోవడం పిల్లచేష్ట, పోనీలే. ఆ పిక్క కలిపినావు చూడు, మీ మామను చంపేది అది" అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకేనేమో ఇప్పటికీ వినబడుతుంది.

ఆ తర్వాత నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా సిరంజీలు నింపాను. అనుమానం వచ్చిన ప్రతిసారీ, ఎదుట ఎంత పెద్ద డాక్టరు నిలబడి ఉన్నా, నాకు తెలియదు సార్ అని చెప్పి పారబోసి మళ్ళీ నింపాను. విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు. ఆ మాట చెప్పేముందు ప్రతిసారీ గుండె దడదడలాడేది, అది అలవాటు కాలేదు. చెప్పేశాక మాత్రం ఆ మిద్దె మీద గెంతిన సంబరమే కలిగేది.

నేను రిటైరయ్యే ముందు కొత్తగా చేరిన ఒక అమ్మాయి సిరంజీ పట్టుకుని ముఖం పాలిపోయి నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, దీంట్లో ఎంత మందు తీసినానో నాకే గురుతు లేదు" అంది. పారబోయించాను. కొత్త సిరంజీ చేతికిచ్చి, డాక్టరు రాసిన చీటీ ఇద్దరం కలిసి చదివి, నువ్వే నింపు అన్నాను. నింపి చూపించింది, సరిగ్గానే ఉంది. పో, నువ్వే వేసి రా అని చెప్పి నా పనికి నేను నడిచాను. తిరిగి చూడాలని మెడ లాగుతూనే ఉంది. చూస్తే ఆ పిల్లకు ఇంక చెయ్యి ఆడదు. వార్డు చివరిదాకా పది మంచాలే, ఆ పది మంచాలు దాటడం నాకు మహా కష్టమైంది. మా మామ ఆ మధ్యాహ్నం నా తూటాలు జేబులో పోసుకుని, పంది ఉన్న కంప దాకా ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా ఎలా నడిచాడో తలుచుకుంటే, ఆయన ఎదురుగా లేకపోయినా చేతులెత్తి మొక్కాలనిపించింది.